కువైట్లో మనం చేసే సినీ హాస్యనటుడు పద్మనాభం గారి జయంతి ప్రోగ్రాం: వాలంటీర్లందరూ ఒకసారి చూడండి, ఎవరి ఊరి పేరుతో వాళ్లు రాయండి

పులివెందుల (లీవులో ఉన్నా):
అందరికీ నమస్తే. నేను ఊరికొచ్చి పదిరోజులైంది, నిన్న పొద్దున్నే బండేసుకుని సింహాద్రిపురం పోయొచ్చినా. మనోళ్లలో శానామందికి పద్మనాభం గారు మన కడప జిల్లా మనిషని తెలీదు. 1931 ఆగస్టు 20న ఈడనే పుట్టినాడాయన, పూర్తి పేరు బసవరాజు వెంకట పద్మనాభరావు. ఊరి బోర్డు కాడి నుంచి చీనీ తోటల దాకా ఫోన్లో వీడియో తీసినా, గాలికి మాట సరిగ్గా పడలేదు, వాయిస్ మళ్లీ చెప్పుకోవాల. రచ్చబండ మీద ఒక పెద్దాయన్ని అడిగితే నాకేం తెలుసు నాయనా అని తువ్వాలు సర్దుకున్నాడు, కెమెరా ఆపి బండి కాడికి పోతాంటే పిలిచి కూర్చోబెట్టి నాటకం పద్యాలు ఎత్తుకున్నాడు, ఆపితే ఒట్టు! అదంతా రికార్డు కాలేదని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మొన్న మీటింగులో కామెడీ క్లిప్పులు అరగంట వేస్తే చాలన్నారు గదా, దానికి నేను ఒప్పుకోలేను. నవ్వించినాడు, నిజమే. కానీ ఆయన సొంతంగా రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ పెట్టి 1965లో ఎన్టీఆర్, సావిత్రి గార్లతో దేవత తీసినాడు, తర్వాత పొట్టి ప్లీడరు, ఆ తర్వాత తనే హీరోగా శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న. బాలు గారిని సినిమాల్లో మొదటిసారి పాడించింది ఈ మర్యాద రామన్నకే. 1966 డిసెంబరు 15న రికార్డింగు, సంగీతం కోదండపాణి గారు. మనం ప్రతి ప్రోగ్రాంలో బాలు పాటలు పాడుకుంటాం, ఆ గొంతుకు తలుపు తీసిన నిర్మాత మన పక్కూరాయన అని ఒక్కసారి కూడా మైకులో చెప్పలేదు మనం.

రాజంపేట:
తమ్ముడూ ఈ మాట నాకూ తెలీదు. అయితే ఆ మొదటి పాటే పెడదాం. అందులో సుశీల, పి.బి.శ్రీనివాస్, రఘురామయ్య గార్ల గొంతులు కూడా ఉన్నాయి, అంటే నలుగురు కావాల మనకు. ముగ్గురు దొరికినారు, ఆడగొంతు ఎవరన్నా చెప్పండి. రిహార్సలు గురువారం రాత్రి డ్యూటీ అయినాక అబ్బాసియాలో మా రూములో.

తాడిపత్రి:
పాతాళభైరవి వదలొద్దప్పా, 1951. అందులో మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు పద్మనాభం గారే, డైరెక్టరు కె.వి.రెడ్డి గారు మా తాడిపత్రి. పిల్లోళ్లతో ఆ మాంత్రికుడు శిష్యుడు స్కిట్టు నేను చేయిస్తా, గడ్డం పెట్టుకోడానికి మావాడు ఇప్పటికే రెడీ.

ప్రొద్దుటూరు అక్క:
నాది ఒకే కోరిక. కథానాయిక మొల్ల సినిమా గురించి ఐదు నిమిషాలు ఇవ్వండి. మొల్ల బద్వేలు దగ్గర గోపవరం ఆడబిడ్డ అని మనం చెప్పుకుంటాం, ఆమె మీద సినిమా తీసి డైరెక్టు చేసింది మళ్లీ మన జిల్లా ఆయనే, 1970లో, మొల్లగా వాణిశ్రీ, దానికి బంగారు నంది వచ్చింది. కమెడియన్ అని పేరు పడ్డ మనిషి ఒక కవయిత్రి కథకు డబ్బు పెట్టినాడంటే ఎంత ఇష్టం ఉండాల! మా పాప మొల్ల రామాయణంలో పద్యం నేర్చుకుంటాంది, "ర" ఇంకా సరిగ్గా పలకదు, అయినా పాడనీండి.

ఆదోని:
భోజనం నాకు వదిలేయండి. సాయంత్రానికి ఉగ్గాని బజ్జి, రాత్రికి సంగటి, నాటుకోడి పులుసు, శాకాహారులకు పప్పు, ఓళిగలు. రాగిపిండి ఇక్కడ దొరుకుతాంది గానీ ఊరి పిండి రుచి వేరు, తమ్ముడు ఐదు కేజీలు తెస్తే చాలు. పోయినసారి హాలు వాళ్లు తాళం గంట ఆలస్యంగా తీసి వంటంతా ఎండలో పెట్టించినారు, ఈసారి ముందురోజే తాళం మన చేతికి రావాల, ఆ పని ఎవరు చూస్తారో ఈడనే రాయండి.

రాజంపేట:
తాళం నేను చూస్తా.

పులివెందుల:
అక్కా, మొల్లకు ఐదు కాదు పది నిమిషాలు తీసుకో, క్లిప్పులు పదికి తగ్గిస్తా. మొదట్లో పద్యం, నాటకం పిచ్చితో మద్రాసు పోయినాడని, కన్నాంబ గారు చేరదీసినారని చెప్పి వీడియో మొదలుపెడదాం, చివర్లో ఆయన పోయిన తేదీ 2010 ఫిబ్రవరి 20 అని వేసి ఒక్క ఫోటో, దాని మీద మాటలేమీ వద్దు. పిండి తెస్తా, చెన్నై నుంచి బుధవారం ఫ్లైటు. రేపు మళ్లీ సింహాద్రిపురం పోతాండా, ఈసారి పెద్దాయనతో ముందే చెప్పి కెమెరా ఆన్‌లోనే పెడతా.