ఇంట్లో ఒకరికి టీబీ వస్తే మిగతావాళ్ళకీ మాత్రలంట, ఎవరన్నా వేసుకున్నారా? (చర్చ)

కావలి_అబ్బయ
మా నాయనకి తెమడ పరీక్షలో టీబీ పాజిటివ్ వచ్చింది, మందులు మొదలుపెట్టారు, ఇప్పుడు కాస్త తేరుకున్నాడు. మొన్న టీబీ సూపర్‌వైజర్ ఇంటికొచ్చి అందరూ ఎక్స్‌రే తీయించుకోండి, ఏం లేకపోతే మీకూ మాత్రలిస్తాం అన్నాడు. దగ్గు లేదు జరం లేదు నాకెందుకయ్యా అంటే "పైనుంచి ఆర్డరు, అందరికీ ఇస్తన్నాం" అని ఫోన్ చూసుకుంటా బండెక్కి పోయినాడు. మా అమ్మేమో మంచిగా ఉండేవోళ్ళకి మందులేసి లేని జబ్బు తెప్పిస్తారంటా ఒకటే గొడవ. నెల్లూరు, ఒంగోలు సైడు ఎవరన్నా వాడుంటే చెప్పండబ్బా.

ఒంగోలు_పద్మ
మా అత్తకి వచ్చినప్పుడు నేనూ మా ఆయనా వేసుకున్నాం అన్నా. 3హెచ్‌పీ అంటారు, ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ రెండూ కలిపి వారానికి ఒకసారి, 12 వారాలు. మేం ఆదివారం అన్నం తిన్నాక వేసుకునేవాళ్ళం. వేసుకున్నాక ఒంటేలు ఆరెంజ్ రంగులో వస్తది, ఆ సంగతి మాకు ముందు ఎవురూ చెప్పలా, మా ఆయన రక్తం పోతాందనుకోని అర్ధరాత్రి లేపి కూర్చోబెట్టాడు, తెల్లారి ఆశా అక్కకి ఫోన్ చేస్తే అది మందు రంగే పద్మా అని ఒకటే నవ్వు. ఆడవాళ్ళకి ఒక మాట: పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలు వాడతంటే ఈ మందుతో అవి సరిగా పనిచెయ్యవు, వేరే పద్ధతి అడగండి. దీన్ని కూడా ఎవురూ చెప్పరు.

స్టాఫ్‌నర్స్_నెల్లూరు
అబ్బయా, మీ అమ్మకి ఇట్టా చెప్పు. టీబీ పురుగు ఒంట్లోకి పోయిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు, వందలో ఐదు నుంచి పది మందికే జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బయటపడుద్ది, అదీ ఎక్కువగా మొదటి రెండేళ్ళలో. మిగతావాళ్ళలో పొయ్యిలో నివురు కింద నిప్పులాగా పడుంటది. ఈ మాత్రలు దాన్ని అక్కడే చంపడానికి. ఇదివరకు మన దగ్గర ఐదేళ్ళ లోపు పిల్లలకీ, హెచ్‌ఐవీ ఉన్నోళ్ళకే ఇచ్చేవాళ్ళు, 2021 నుంచి ఊపిరితిత్తుల టీబీ తేలినోళ్ళ ఇంట్లో అందరికీ అన్నారు. 2011లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో రోజూ తొమ్మిది నెలలు వేసుకునే ఐసోనియాజిడ్‌కి ఈ 12 వారాల కోర్సు ఏమాత్రం తీసిపోలేదు, పైగా పూర్తిచేసినవాళ్ళు 82 శాతం, తొమ్మిది నెలల దాంట్లో 69 శాతమే. ఎక్స్‌రే మాత్రం ఎగ్గొట్టొద్దు, లోపల అసలు జబ్బే ఉండి ఈ రెండు మందులే వేసుకుంటే పురుగు మొండిదై మందులకి లొంగదు.

చీమకుర్తి_సీను
మా గ్రానైట్ క్వారీలో చేసేవోళ్ళకి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంటది, సిలికోసిస్ ఉన్నోడికి టీబీ రావడం ఎక్కువని డాక్టర్లే అంటారు. మా బావమరిదిని ఓపీలో నువ్వేం పని చేస్తావయ్యా అని అడిగినోడే లేడు. చీటీ రాసిచ్చారు, బయటికి రాంగానే ఒకమ్మాయి కాగితం పెట్టి మా సేవలు ఎట్టా ఉన్నాయో టిక్కు పెట్టమంది, నవ్వే బొమ్మ నించి ఏడ్చే బొమ్మ దాకా ఐదు బొమ్మలు. వెనకాల వార్డుబాయ్ నిలబడుంటే ఏడుపు బొమ్మకి ఎవుడు పెడతాడు?

ఎమ్మెస్సీ_నర్సింగ్_పిల్ల
సీనన్నా ఆ కాగితం పట్టుకుని తిరిగిన బ్యాచ్‌లో నేనూ ఉన్నా, ప్రాజెక్ట్ కోసం 😅 (ఏ ఆసుపత్రో చెప్పను). మంచినీళ్ళు ఉన్నాయా, బాత్రూం శుభ్రంగా ఉందా, ఎంతసేపు కూర్చోబెట్టారు, డాక్టర్ మర్యాదగా మాట్లాడాడా, ఇవే ప్రశ్నలు. అన్నిటికీ "చాలా బాగుంది" పెట్టేసి, బయట టీ బంకు దగ్గర అదే పెద్దాయన "ఏం మందిచ్చారో ఎందుకిచ్చారో ఒక్క ముక్క అర్థం కాలేదమ్మా" అంటాడు. లోపల కూర్చోబెట్టి అడిగితే జనం మొహమాటానికి మంచిగానే చెప్తారని మా పుస్తకాల్లోనే ఉంది, అయినా లోపలే అడగమంటారు. నన్నడిగితే టీబీ ఓపీలో ఒక్క ప్రశ్న చాలు, మీ ఇంట్లోవాళ్ళకి మాత్రలెందుకో మీకు అర్థమయ్యేట్టు చెప్పారా అని. జబ్బు ఉన్నోడు మందు మానితే దగ్గే మళ్ళీ లాక్కొస్తది, జబ్బే లేనోడికి చెప్పేవోళ్ళు సరిగా చెప్పకపోతే ఆ డబ్బా బీరువా మీదే.

పాతకాపు_కందుకూరు
మా చిన్నప్పుడు టీబీ అంటే మదనపల్లి ఆరోగ్యవరం శానిటోరియం (టీబీవోళ్ళని నెలల తరబడి ఉంచే ఆసుపత్రి) పేరే చెప్పేవాళ్ళు, ఊర్లో ఆ ఇంటి వైపు కూడా పొయ్యేవాళ్ళు కాదు. మద్రాసులో చేసిన పరిశోధన 1959లో బయటికొచ్చింది, కొందరిని శానిటోరియంలో పెట్టి, కొందరికి ఇంట్లోనే మందులిచ్చి చూస్తే జబ్బు నయమవడంలో పెద్ద తేడా లేదు, తర్వాత ఏళ్ళ తరబడి చూసినా ఇంట్లో ఉన్నోళ్ళ కుటుంబాలకి ఎక్కువగా అంటుకోనూ లేదు. అందుకని మీ నాయనకి వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి బాధపెట్టబాకండి, అది కంచంతో వచ్చేది కాదు, దగ్గితే గాల్లో వచ్చేది. మాస్కు, కిటికీలు తెరిచిపెట్టడం, మందులు ఆపకపోవడం, అంతే.

ఒంగోలు_పద్మ
తిండి సంగతి కూడా చూడండన్నా. జార్ఖండ్‌లో రేషన్స్ అని ఒక ట్రయల్ చేశారు, 2023లో వచ్చింది, పేషెంట్ ఇంట్లోవాళ్ళకి నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇస్తే వాళ్ళలో టీబీ 39 శాతం తగ్గింది, ఉత్త తిండితో! పేషెంట్‌కి తిండి కోసం గవర్నమెంటు ఇచ్చే నిక్షయ్ పోషణ్ డబ్బు నెలకి 500 ఉండేది, 2024 నవంబర్ నుంచి 1000 చేశారు, మీ నాయన బ్యాంక్ అకౌంట్ ఎక్కించారో లేదో అడుగు, మాకు బాగా లేటుగా పడింది.

కావలి_అబ్బయ
అందరికీ థ్యాంక్స్. నర్సక్క రాసింది మా అమ్మకి చదివి వినిపించినా, నిప్పు మాటకి కొంచెం మెత్తబడింది. ఆమెకి షుగరుంది, రోజూ మాత్ర వేసుకుంటది, పర్లేదా? నేను వారానికోసారి బీరు తాగుతా, అది కూడా చెప్పాలా 🙈

స్టాఫ్‌నర్స్_నెల్లూరు
రెండూ చెప్పాలి. షుగర్ ఉన్నోళ్ళకి టీబీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి అమ్మకే ముందు కావాలి, కానీ రిఫాపెంటిన్ కొన్ని షుగర్ మాత్రల పవర్ తగ్గిస్తది, వాడే మాత్రల షీటు డాక్టర్‌కి చూపించి, కోర్సు నడిచేటప్పుడు షుగర్ చెక్ చేయించండి. కాళ్ళల్లో తిమ్మిర్లు రాకుండా బీ6 మాత్ర కూడా రాయమని అడగండి. నీ బీరు ఆ మూడు నెలలు బంద్, లివర్ మీద పడుద్ది. కళ్ళు పచ్చబడినా, అన్నం సయించకపోయినా, వాంతులైనా ఆ వారం డోసు వేసుకోకుండా వెంటనే పోయి చూపించుకో.

చీమకుర్తి_సీను
బీరు బంద్ అంటే డబ్బా బీరువా మీదకే అక్కా 😂