ఎఫ్-1 (అమెరికా స్టూడెంట్) వీసా, కమ్యూనిటీ కాలేజీ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్: ఆన్‌లైన్ క్లాసుల వల్ల యూనిట్లు (క్రెడిట్లు) తగ్గుతున్నాయి

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ ట్రాన్స్‌ఫర్ డిగ్రీ (తర్వాత యూనివర్సిటీకి మారడానికి పనికొచ్చేది) చదువుతున్నాను. వచ్చే ఫాల్ సెమిస్టర్‌కి ప్లాన్ ఇది: స్టాటిస్టిక్స్ 4 యూనిట్లు, మాక్రో ఎకనామిక్స్ 3, ఈ రెండూ క్యాంపస్‌లోనే. మేనేజీరియల్ అకౌంటింగ్ 4, బిజినెస్ లా 3 మాత్రం మా దగ్గర ఆన్‌లైన్‌లో తప్ప లేవు. మొత్తం 14 అవుతాయి. కానీ ఎఫ్-1 వాళ్లకి ఫుల్‌టైమ్ లెక్కలో ఒక్క ఆన్‌లైన్ క్లాసే, అదీ 3 యూనిట్ల వరకే చెల్లుతుంది. అంటే నాకు లెక్కకొచ్చేవి 10. కావాల్సింది 12.

క్యాంపస్ సెక్షన్ తెరుస్తారేమో అని డిపార్ట్‌మెంట్‌ని అడిగాను, ఆ ఆలోచన లేదన్నారు. డిగ్రీకి పనికిరాని క్లాసు ఒకటి జోడించొచ్చు గానీ, నాన్-రెసిడెంట్ ఫీజు యూనిట్‌కి ఇంతని కట్టేవాళ్లకి అది చాలా భారం. ఇది నా చివరి సెమిస్టర్ కూడా కాదు కాబట్టి ఆ కారణంతో తక్కువ యూనిట్లకి అనుమతి రాదు.

పక్క డిస్ట్రిక్ట్ కాలేజీలో మేనేజీరియల్ అకౌంటింగ్ క్యాంపస్‌లో ఉంది. సి-ఐడి కోడ్ (ఒకే కోర్సుకి కాలిఫోర్నియా కాలేజీలన్నిటిలో వాడే ఉమ్మడి నంబరు) కూడా అదే, ఏసీసీటీ 120. అక్కడ తీసుకుంటే 7+4+3, సరిగ్గా 14. చిక్కల్లా కాగితాల దగ్గరే. మా డీఎస్ఓ (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా విషయాలు చూసే అధికారి) ముందు అక్కడి అడ్మిషన్ చూపించమంటున్నారు, వాళ్లేమో ముందు మా డీఎస్ఓ అనుమతి లేఖ తెమ్మంటున్నారు.

ఐ-20 (ఎఫ్-1 విద్యార్థికి కాలేజీ ఇచ్చే పత్రం) ఒక కాలేజీలో ఉంచుకుని ఇలా రెండు చోట్ల చదివినవాళ్లు, మొదట ఏ కాగితం ఎవరి దగ్గర తీసుకున్నారు?