కొత్త స్టీరియో వేయించినప్పట్నుంచి కారు బ్యాటరీ దిగిపోతాంది, లోపం యాడుంది?

కర్నూలోడు_44
అన్నలూ, నాది 2018 పెట్రోల్ స్విఫ్ట్. ఈ మధ్య ఈడే కర్నూల్లో ఒక షాపులో 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో, 4 ఛానల్ ఆంప్ (సౌండ్ పెంచే ఆంప్లిఫయర్), డిక్కీలో 12 అంగుళాల సబ్‌ఊఫర్ వేయించినా. సౌండ్ శానా బాగుంది, అందులో ఏం వంక లేదు. కానీ అప్పట్నుంచి బండి రెండ్రోజులు కదపకుండా పెడితే చాలు, పొద్దున సెల్ఫ్ కొడితే టక్ టక్‌మని ఊరుకుంటాది, పక్కింటాయన కారు పక్కన పెట్టి జంప్ కేబుల్ వేస్తే గానీ స్టార్ట్ కాదు. బ్యాటరీ 35 ఏహెచ్‌ది (ఆంపియర్ అవర్, అంటే అది పట్టే చార్జి), వేసి ఏడాది కూడా కాలే. షాపాయన్ని అడిగితే ఇంత సిస్టమ్‌కి ఆ బ్యాటరీ చాలదు పెద్దది వేస్కో అంటాడు, బ్యాటరీ అంగడాయన టెస్టర్ పెట్టి చూసి బ్యాటరీకేం కాలేదు ఆ స్టీరియో పీకేయ్ అంటాడు. ఇంకోటి, రాత్రిపూట నంద్యాల రోడ్డులో పోతాంటే బేస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్ మినుకుమంటాది. రెండిటికీ ఒకటే కారణమా? ఇంట్లో పెద్దోళ్లుండారు, అర్ధరాత్రి ఆస్పత్రికి పోవాల్సొస్తే ఈ బండే దిక్కు, అందుకే ఇంత వివరంగా అడుగుతాండా. స్టీరియో మాత్రం మంచిదే, తాళంచెవి తీసినా పాటలు ఆగవు, మనమే బటన్ నొక్కి ఆపుకోవాల.

అనంతపురం_వైర్‌మన్
తమ్ముడూ, నువ్వు చివర్లో చెప్పిన మాటలోనే ఉంది సగం జవాబు. తాళం తీసినా పాటలు ఆగట్లేదంటే అది సౌకర్యం కాదు, వైరింగ్ తప్పు. స్టీరియో వెనక పసుపు వైరు, ఎరుపు వైరు అని రెండుంటాయి. పసుపుది ఎప్పుడూ 12 వోల్టులు ఉండే లైను, స్టీరియోకి అసలు కరెంటు వచ్చేది, గడియారం, సెట్టింగులు గుర్తుండేదీ దాంతోనే. ఎరుపుది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఇగ్నిషన్ లైనుకి పోవాల. కొందరు ఆ లైను వెతుక్కోవడానికి బద్ధకించి రెండూ కలిపి మెలేసి టేపు చుట్టేస్తారు. అప్పుడు స్టీరియోకి బండి ఆగిందని ఎప్పటికీ తెలీదు. నువ్వు బటన్ నొక్కితే స్క్రీన్ ఆరుతుంది గానీ లోపల ఆండ్రాయిడ్ మేలుకునే ఉంటాది, రాత్రంతా బ్యాటరీ తాగుతానే ఉంటాది.

లెక్క చూడు. బండి ఆపి తాళం వేసినాక మామూలుగా 20 నుంచి 50 మిల్లీ ఆంప్స్ లాగుతాది, అది సహజం, వారం పది రోజుల దాకా భయం లేదు. అదే 350 మిల్లీ ఆంప్స్ లాగితే రెండ్రోజుల్లో 17 ఏహెచ్ పోతాది, అంటే నీ 35 ఏహెచ్ బ్యాటరీ సగం ఖాళీ. సగానికి దిగినాక సెల్ఫ్ మోటరు తిప్పే బలం ఉంటాదని చెప్పలేం. నువ్వు చెప్పే రెండ్రోజులకి సరిగ్గా సరిపోతాంది.

అంచనాలు వద్దు, మీటర్ పెట్టి చూడు. మల్టీమీటర్ ఎర్ర వైరుని 10 ఆంప్స్ రంధ్రంలో పెట్టుకో. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి, ఆ కేబులుకీ బ్యాటరీ నెగెటివ్ మొనకీ మధ్యలో మీటర్ తగిలించు. అన్ని తలుపులూ వేసి అరగంట ఆగు, ఎందుకంటే లాక్ సిస్టమ్, కంప్యూటర్ నిద్రపోడానికి టైమ్ పడతాది, తొందరపడితే తప్పు రీడింగు చూపిస్తాది. మీటర్ ఉన్నంత సేపు పొరపాట్న కూడా సెల్ఫ్ కొట్టద్దు, లోపల ఫ్యూజ్ పోతాది. రీడింగు ఎక్కువొస్తే ఒక్కో ఫ్యూజ్ పీకుతూ పో, ఏది పీకితే పడిపోతాదో దొంగ ఆడుండాడు. ఆంప్‌కి బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే లైను ఫ్యూజ్ కూడా మర్చిపోకుండా తీసి చూడు. ఆంప్‌ని లేపే నీలం రిమోట్ వైరు కూడా ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి కలిపి ఉంటే ఆంప్ ఎప్పటికీ ఆఫ్ కాదు.

తాడిపత్రి_బేస్
ఇవన్నీ అక్కర్లేదు బ్రో. 1 ఫారడ్ కెపాసిటర్ ఒకటి వేసి, 60 ఏహెచ్ బ్యాటరీ పెట్టించు, లైటు మినుకుమనడం పోతాది, స్టార్టింగ్ ప్రాబ్లం కూడా పోతాది.

కడప_డ్రైవ్
తాడిపత్రి అన్నా, ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది, ఎందుకంటే ఇది విని శానా మంది డబ్బులు పోగొట్టుకుంటాండారు. 1 ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కి దిగేలోపు ఇచ్చే శక్తి 26 జౌల్స్, 500 వాట్ల ఆంప్‌కి అది సెకనులో పదో వంతు కూడా రాదు. అది ఎక్కడా కరెంటు పుట్టించదు, ఖాళీ అయింది మళ్లీ డైనమో నుంచే నింపుకోవాల. పెద్ద బ్యాటరీ కూడా అంతే, లీకు అట్లే ఉంచితే రెండ్రోజుల బదులు ఇంకో రోజో రెండ్రోజులో ఎక్కువ నిలబడతాదేమో, లోపం అట్లే ఉంటాది. పైగా స్విఫ్ట్ ట్రేలో 60 ఏహెచ్ పట్టేలా చేయాలంటే దానికో తిప్పలు.

కర్నూలు బ్రో, నీవి రెండూ వేరే వేరే సమస్యలు. బండి ఆగున్నప్పుడు బ్యాటరీ దిగడం ఒకటి, దానికి వైర్‌మన్ అన్న చెప్పిందే. లైటు మినుకుమనడం మాత్రం ఇంజన్ తిరుగుతున్నప్పటి సంగతి. ఆంప్ డబ్బా మీద రాసే 1000 వాట్స్ వదిలేయ్, అది పీక్, క్షణం పాటు ఇచ్చేది. ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే పవర్) ఎంతో చూడు, లేకుంటే ఆంప్ మీదున్న ఫ్యూజులు చూడు. రెండు 30 ఆంప్స్ ఫ్యూజులుంటే అది గట్టిగా వాయించినప్పుడు 60 ఆంప్స్ దాకా లాగగలదు. పాటలో అంత ఎప్పుడూ ఉండదు, సగటున దానిలో చిన్న భాగమే, కానీ బేస్ పడిన క్షణంలో ఒక్కసారిగా లాగుతాది. చిన్న కార్ల డైనమో మొత్తం సుమారు 70 నుంచి 90 ఆంప్స్, అది కూడా ఇంజన్ బాగా తిరిగితేనే, ఐడిల్‌లో చాలా తక్కువ. అందులోనే హెడ్‌లైట్లకి 9, 10 ఆంప్స్, ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాన్. మన సీమ ఎండల్లో ఏసీ ఆపి తిరిగేదెక్కడ.

మీటర్‌తో చూడు, ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.4 వోల్టులుండాల. బేస్ కొట్టినప్పుడు 13 లోపలికి పడిపోతాంటే డైనమోకి భారమైనట్టు. బ్యాటరీ దగ్గర బాగుండి ఆంప్ దగ్గర మాత్రం పడిపోతాంటే వైరు సన్నదని లెక్క. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక కేబుల్ అమ్మేస్తాండారు, పైకి 4 గేజ్ (వైరు మందం లెక్క) అంటారు, లోపల లోహం తక్కువ, నిరోధం ఎక్కువ. అసలు రాగి కేబుల్ వేయించు. ఎర్త్ వైరు పొట్టిగా, పెయింటు గీకి బాడీ లోహానికే బోల్టు బిగించి ఉండాల. డిక్కీలో కార్పెట్ కింద ఏదో స్క్రూకి చుట్టేసి వదిలేస్తారు శానా చోట్ల.

కర్నూలోడు_44
అన్నలూ, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని తోడు పెట్టుకొని చూసినా. అరగంట ఆగినాక రీడింగు 0.36 ఆంప్స్. స్టీరియో ఫ్యూజ్ పీకితే 0.03కి పడింది. డాష్‌బోర్డు విప్పి చూస్తే మీరు చెప్పినట్టే పసుపు, ఎరుపు రెండూ ఒక్క టేపులో. ఇప్పుడు ఎరుపుని సిగరెట్ లైటర్ సాకెట్ లైనుకి కలిపితే సరిపోతాదా? ఇంకోటి, ఆంప్ లైనుకి బానెట్ లోపల ఫ్యూజ్ ఎక్కడా కనపడలే, డిక్కీలో ఉంది.

అనంతపురం_వైర్‌మన్
ముందు రెండోది చెప్తా, ఎందుకంటే అదే ప్రమాదం. ఫ్యూజ్ ఆంప్‌ని కాపాడటానికి కాదు, కేబుల్‌ని కాపాడటానికి. అది బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపలే ఉండాల. డిక్కీలో ఉంటే, ముందు నుంచి వెనక దాకా వైరు యాడ నలిగి బాడీకి తగిలినా బ్యాటరీలో ఉన్న కరెంటంతా ఆ చోటే దిగుతాది, తగలబడే దాకా ఆగదు. ఇంజన్ గోడలో వైరు దూరే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) ఉందా చూడు, లేకుంటే రేకు అంచు తగిలి తగిలి ఇన్సులేషన్ కోసేస్తాది. ఈ పని అయ్యేదాకా ఆంప్ కేబుల్ బ్యాటరీ దగ్గర విప్పేసి పెట్టు, స్టీరియో ఒక్కటే వాడుకో.

లైటర్ సాకెట్ లైను కొన్ని బండ్లలో తాళం తీసినా ఉంటాది, మీటర్‌తో చూసి, తాళం తీస్తే సున్నా అయ్యేదైతేనే కలుపు. వైర్లు కోయకుండా నీ బండి మోడల్‌కి సరిపోయే కప్లర్ హార్నెస్ (కంపెనీ సాకెట్‌కి నేరుగా తగిలించే వైర్ల కట్ట) దొరుకుతాది, ఖర్చు తక్కువే, మళ్లీ విప్పాలన్నా శుభ్రంగా ఉంటాది, వారంటీ ఉన్న బండ్లకైతే అది తప్ప వేరేది ముట్టుకోకూడదు.

బ్యాటరీ ఇన్నిసార్లు పూర్తిగా దిగింది కాబట్టి దాన్ని ఒక్కసారి బయట చార్జర్ మీద పెట్టి నింపించు, ఊర్లో చిన్న చిన్న ట్రిప్పులకి డైనమో అంత నింపలేదు. చార్జర్ తీసి కొన్ని గంటలు అట్లే పెట్టినాక 12.6 వోల్టుల దగ్గర ఉంటే బతికుంది. 12.2కి జారిపోతాంటే లోపల ప్లేట్లు పాడైనట్టు, అప్పుడు వారంటీ కార్డు పట్టుకొని అంగడికి పో.

కడప_డ్రైవ్
ఆంప్ కేబుల్ మళ్లీ తగిలించే ముందు ఆర్‌సీఏ వైర్లు (స్టీరియో నుంచి ఆంప్‌కి పాట సిగ్నల్ మోసేవి) పవర్ కేబుల్‌కి ఎదురు పక్క నుంచి లాగించు బ్రో, లేకపోతే ఇంజన్ రేస్ చేసినప్పుడల్లా స్పీకర్లలో సన్నగా ఈలేసినట్టు రావొచ్చు.