రెండో కాన్పుకి 12 వారాలే అంటున్న హెచ్‌ఆర్, నిజమేనా?

బెజవాడ_ఏసీ_మెకానిక్
నమస్తే అండీ. మా ఆవిడ విజయవాడలో 40 మంది ఉన్న ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తుంది. రెండేళ్ల సర్వీసు, నెలకు 24,000. మాకు ఒక పాప, ఇప్పుడు రెండో కాన్పు. "రెండో బిడ్డ కదా, జీతంతో ప్రసూతి సెలవు 12 వారాలే ఇస్తాం" అంటున్నారు హెచ్‌ఆర్ వాళ్లు. ఈమధ్య వాంతులతో 15 రోజులు లాస్ ఆఫ్ పే (జీతం లేని సెలవు) పడింది, దానివల్ల ప్రసూతి సెలవు డబ్బు కూడా తగ్గుతుందట. నాది సొంత షాపు, తండ్రిగా నాకేమైనా వస్తుందా? మా చెల్లెలు ఇంట్లోనే బట్టలు కుడుతుంది, తనకు తొలి కాన్పు. తనకు ఏ దారీ లేదా?

పేరోల్_పంతులు
మీ హెచ్‌ఆర్ లెక్క తప్పండీ. చట్టం అడిగేది ఇది ఎన్నో కాన్పు అని కాదు, ఇప్పటికే బతికున్న పిల్లలు ఎంతమంది అని. ఇద్దరికంటే తక్కువుంటే 26 వారాలు. మీకున్నది ఒక్క పాపే కాబట్టి 26 వారాలూ రావాలి. 12 వారాల కోత మూడో బిడ్డ దగ్గర మొదలవుతుంది. ఈ పొరపాటు చాలా కంపెనీల్లో చేస్తారు.

1961 ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో 26 వారాలు వచ్చాయి. 2025 నవంబరు 21 నుంచి 1961 చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది, అయినా ఈ లెక్క మారలేదు. షరతులు రెండు: కనీసం 10 మంది ఉన్న సంస్థ, డెలివరీ డేటుకి ముందు 12 నెలల్లో కనీసం 80 రోజుల పని. మీకు రెండూ సరిపోయాయి. డెలివరీకి ముందు వాడుకోగలిగేది 8 వారాల వరకే. అంతకంటే ముందే ఆగిపోతే ఆ రోజులు సొంత సెలవుల్లోంచి పోతాయి.

ఇక లాస్ ఆఫ్ పే సంగతి. సెలవు మొదలయ్యే ముందు మూడు నెలల్లో *పనిచేసిన రోజులకు* వచ్చిన జీతం సగటు తీయాలి. నెలకు 30 రోజుల లెక్కన రోజుకు 800. మూడు నెలల్లో 15 రోజులు పోతే చేతికొచ్చింది 60,000. దాన్ని పనిచేసిన 75 రోజులతో భాగించాలి, మళ్లీ 800 వస్తుంది. పేరోల్‌లో అలవాటుగా 90తో భాగిస్తారు, అప్పుడు 667 అవుతుంది. 26 వారాలంటే ఆదివారాలతో కలిపి 182 రోజులు కదా, తేడా దాదాపు 24 వేలు. పే స్లిప్పులు పక్కన పెట్టుకుని మీరే లెక్కేసి చూడండి.

గుంటూరు_కంప్లయన్స్
పైన చెప్పినదానికి కొంచెం కలుపుతాను. నోటి మాటతో వదిలేయకండి. ఏ తేదీ నుంచి రావడం లేదు, డబ్బు ఎవరికి ఇవ్వాలి, ఆ కాలంలో ఇంకెక్కడా పనిచేయను అని రాసి మెయిల్‌లో పంపించండి. గర్భం ధ్రువీకరించే డాక్టరు కాగితం ఇస్తే డెలివరీకి ముందు కాలపు డబ్బు ముందే ఇవ్వాలి, మిగతాది కాన్పు రుజువు ఇచ్చిన 48 గంటల్లో. కంపెనీ ఉచితంగా వైద్యం చూపించకపోతే 3,500 మెడికల్ బోనస్ అదనం. అడక్కపోతే ఎవరూ గుర్తు చేయరు.

జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు దారి వేరు. అక్కడ కంపెనీ కాదు, ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా సంస్థ) ఇస్తుంది. దానికి ముందరి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 70 రోజుల చందా ఉండాలి.

బెజవాడ_ఏసీ_మెకానిక్
థాంక్స్ అండీ. సెలవులో ఉండగా తీసేస్తే?

గుంటూరు_కంప్లయన్స్
ఆ కాలంలో తీసేయడం చెల్లదు. అలా చేస్తే లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, మెయిల్ కాపీ అక్కడే పనికొస్తుంది.

అంగన్‌వాడీ_దారి
తండ్రుల విషయంలో మన చట్టం మరీ పిసినారి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులుంది, ప్రైవేటులో కంపెనీ దయ. సొంత షాపున్న మీకు సెలవూ లేదు, డబ్బూ లేదు.

చెల్లెలికి మాత్రం ప్రధానమంత్రి మాతృ వందన యోజన ఉంది. తొలి బిడ్డకు 5,000. గర్భం నమోదై ఒక చెకప్ అయ్యాక 3,000, బిడ్డ జనన నమోదు, మొదటి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. అంగన్‌వాడీలో గానీ పోర్టల్‌లో గానీ పెట్టుకోవచ్చు. కాన్పయ్యాక 270 రోజులు దాటితే తీసుకోరు. ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికుల నమోదు కార్డు) దానంతటది పైసా ఇవ్వదు గానీ ఇక్కడ అర్హత కాగితంగా పనికొస్తుంది, లేకపోతే కుటుంబ ఆదాయం 8 లక్షల లోపని సర్టిఫికెట్ లాంటి మరో అర్హత కాగితం కావాలి. ఇదే పథకంలో రెండోది ఆడపిల్లైతే 6,000 ఉంది, కానీ మీ ఆవిడకు రాదు, చట్టం కింద జీతంతో సెలవు తీసుకుంటున్నారు కాబట్టి.

ఎక్కువగా ఆగిపోయేది బ్యాంకు దగ్గరే. ఖాతాకి ఆధార్ నంబరు ఇచ్చి ఉంటే చాలదు, ప్రభుత్వ డబ్బు పడేలా ఆధార్ సీడింగ్ అయ్యిందో లేదో బ్రాంచిలో అడగాలి. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, తల్లీబిడ్డల కార్డులో అత్తింటి ఇంటిపేరు ఉన్నా దరఖాస్తు వెనక్కి రావచ్చు. కార్డు రాసే రోజే ఏఎన్ఎంకి (ఊరి ఆరోగ్య కార్యకర్తకి) ఆధార్ చూపించి అక్షరం పొల్లుపోకుండా రాయించమనండి.