వియన్నాలో రెండున్నర రోజులు: ఏది ఉంచాలి, ఏది వదలాలి?

ప్రశ్న – రైలుకిటికీ

నమస్కారం. అక్టోబరు రెండో వారంలో మా అమ్మతో కలిసి మ్యూనిక్ నుంచి రైలులో వియన్నా వెళ్దామనుకుంటున్నాను. శుక్రవారం రాత్రికి అక్కడ దిగి, సోమవారం మధ్యాహ్నం తిరుగు రైలు ఎక్కుతాం. అంటే మా చేతిలో ఉండేది శనివారం, ఆదివారం, సోమవారం ఉదయం మాత్రమే. అమ్మ వయసు అరవై దాటింది. చదునుగా ఉన్న చోట నాకంటే చురుగ్గా నడుస్తుంది గానీ, మెట్లంటే మోకాళ్లు సహకరించవు.

నేను రాసుకున్న జాబితా చాంతాడంత అయింది. షోన్‌బ్రున్ ప్రాసాదం, సెయింట్ స్టీఫెన్ కేథడ్రల్, హోఫ్‌బుర్గ్ రాజప్రాసాదం, కళాచరిత్ర మ్యూజియం, బెల్వెడేర్ ప్రాసాదంలో చిత్రకారుడు క్లిమ్ట్ గీసిన చిత్రాలు, నాష్‌మార్క్ట్ సంత, ప్రాటర్ పార్కులోని జెయింట్ వీల్, వీలైతే ఒక రాత్రి ఒపెరా, ఇవన్నీ అందులో ఉన్నాయి. వీటికి తోడు, స్లొవాకియా రాజధాని బ్రాటిస్లావా గంట ప్రయాణమే కాబట్టి ఆదివారం అక్కడికి కూడా వెళ్లి వస్తే ఒకే ప్రయాణంలో రెండు రాజధానులు చూసినట్టవుతుందని ఒక స్నేహితుడు అంటున్నాడు. ఇందులో దేన్ని ఉంచుకోవచ్చో, దేన్ని వదిలేయాలో, ఏ రోజు ఏది పెట్టుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం – పాతపటం

ముందుగా బ్రాటిస్లావాను కొట్టేయండి. ఊరు బాగానే ఉంటుంది, రైలు ప్రయాణమూ నిజంగా గంటే. కానీ స్టేషనుకు వెళ్లడం, అక్కడ దిగి పాతబస్తీకి చేరడం, మళ్లీ వెనక్కి రావడం కలిపితే మీకున్న రెండు పూర్తి రోజుల్లో ఒకటి దానికే పోతుంది. వారం రోజులు ఉండేవారికి ఇవ్వదగిన సలహా అది.

ఇక వియన్నా విషయానికొస్తే, జాబితాను పక్కన పెట్టి వారంలో ఏ రోజు ఏది మూసి ఉంటుందో చూసుకోవాలి. ఆదివారం దుకాణాలు, సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. నాష్‌మార్క్ట్ కూడా ఆ రోజు ఉండదు. పండ్లూ రొట్టే అత్యవసరమైతే ప్రధాన రైల్వే స్టేషనులోని దుకాణం లాంటివే దిక్కు. కళాచరిత్ర మ్యూజియానికి వేసవి నెలలు మినహా సోమవారం సెలవు. ఆదివారం ఉదయం కేథడ్రల్‌లో ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి సందర్శకులను లోపల తిరగనివ్వరు. బెల్వెడేర్ పైప్రాసాదం మాత్రం సోమవారం కూడా తెరిచే ఉంటుంది, పైగా అది ప్రధాన స్టేషను నుంచి పావుగంట నడక. ఈ నాలుగు సంగతులూ పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రణాళిక సగం తయారైనట్టే.

శనివారం ఉదయాన్నే నాష్‌మార్క్ట్‌కు వెళ్లండి. శనివారాల్లో సంతకు ఆనుకుని పాత వస్తువుల అంగళ్లు కూడా వెలుస్తాయి. పింగాణీ కప్పులు, పాత తాళంచెవులు, ఎవరివో తెలియని కుటుంబాల నలుపు తెలుపు ఫోటోలు నేలమీద గుడ్డలు పరిచి అమ్ముతుంటారు. రోడ్డుకు అవతల ఓటో వాగ్నర్ కట్టిన మయోలికా భవనం ఉంది. దాని ముఖభాగం నిండా పింగాణీ పలకలపై గులాబీ రంగు పూలు పాకి ఉంటాయి, తల ఎత్తి చూడటం మరచిపోకండి. అక్కడి నుంచి కేథడ్రల్‌కు వెళ్లి, సాయంత్రం హోఫ్‌బుర్గ్ ప్రాంగణాల మీదుగా నడవండి. ప్రాంగణాల్లోకి టికెట్ అక్కరలేదు, నేల చదును.

ఆదివారం పూర్తిగా కళాచరిత్ర మ్యూజియానికి ఇవ్వమని నా సలహా. 1891లో తెరిచిన ఆ భవనంలో పీటర్ బ్రూగెల్ చిత్రాలు ప్రపంచంలో మరెక్కడా లేనన్ని ఉన్నాయి. ‘మంచులో వేటగాళ్లు’ అనే 1565 నాటి చిత్రం ముందు అమ్మగారిని కాసేపు కూర్చోబెట్టండి. ముగ్గురు వేటగాళ్లు, నీరసించిన కుక్కల గుంపు, ఇంత వేటకూ దక్కినది బల్లేనికి వేలాడే ఒక్క బక్క నక్క, పక్కన సత్రం ముందు మంట పెట్టుకున్న మనుషులు, కింద గడ్డకట్టిన చెరువుల మీద జారుతూ ఆడుకునే చీమలంత పిల్లలు: చూస్తున్నకొద్దీ కొత్త మనుషులు కనబడుతుంటారు. గదుల మధ్య సోఫాలున్నాయి, లిఫ్టూ ఉంది. మెట్లు లేని ప్రవేశద్వారం ఎటువైపో సిబ్బందిని అడిగితే చెబుతారు.

సోమవారం ఉదయం సామాను స్టేషను లాకర్లలో పెట్టి, బెల్వెడేర్‌లో క్లిమ్ట్ ‘ముద్దు’ చూసి, తిరిగి వచ్చి రైలెక్కండి. షోన్‌బ్రున్‌ను ఈసారికి వదిలేయవచ్చు. గుంపుల మధ్య తోసుకుంటూ, బంగారు పూత పూసిన గదుల్లో ఆడియో గైడు చెవికి పెట్టుకుని తిరగడం నాకు ఏనాడూ నచ్చలేదు.

సమాధానం – నెమ్మదినడక

పాతపటం గారు రోజులు పేర్చిన తీరుతో ఏకీభవిస్తున్నాను గానీ, షోన్‌బ్రున్‌ను వదిలేయమనడం ఈ ఇద్దరి విషయంలో సరికాదనిపిస్తుంది. చిత్రకళ మీద ఆసక్తి ఉన్నవారికి రోజంతా మ్యూజియం పండుగే కావచ్చు. వాళ్లమ్మగారికి ఆ ఆసక్తి ఉందో లేదో ప్రశ్నలో ఎక్కడా లేదు. ఆరేళ్ల మోట్సార్ట్ 1762లో మహారాణి మరియా తెరెసా ముందు వాయించిన ప్రాసాదం, 1830లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి పుట్టి 1916లో అక్కడే కన్నుమూసిన ప్రాసాదం, చరిత్ర కొత్తగా వినేవారికి కూడా కథలాగా పట్టుబడుతుంది. గుంపుల ఇబ్బంది నిజమే, దానికి మందు కూడా ఉంది: టికెట్ మీద ప్రవేశ సమయం ముద్రించి ఇస్తారు కాబట్టి, ఆదివారం తెరిచే వేళకే మొదటి సమయాన్ని ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోండి. యూ4 మెట్రో నేరుగా షోన్‌బ్రున్ స్టేషనులో దింపుతుంది. గదులు చూశాక తోటలోకి వెళ్లండి, దానికి డబ్బు కట్టనక్కరలేదు. అక్టోబరులో బారులు తీరిన చెట్లు పసుపు రంగులోకి తిరిగి ఉంటాయి. గుట్ట మీది గ్లోరియెట్ మండపం వరకు దారి ఎగువ కాబట్టి, దాన్ని కింద ఫౌంటెన్ దగ్గర నుంచే చూసి సరిపెట్టుకోవడం మేలు. మధ్యాహ్నం అదే యూ4లో కార్ల్స్‌ప్లాట్జ్‌కు వచ్చి మ్యూజియానికి వెళ్తే, బ్రూగెల్ గదికీ ఒక కప్పు కాఫీకీ కావలసినంత సమయం మిగులుతుంది.

మోకాళ్ల గురించి రెండు మాటలు. కేథడ్రల్‌కు రెండు వైపులా గోపురాలున్నాయి. ఎత్తైన దక్షిణ గోపురానికి 343 మెట్లు, అది మీకు వద్దు. ఉత్తర గోపురానికి లిఫ్టు ఉంది. 1945 అగ్నిప్రమాదంలో నాశనమైన పాత గంట స్థానంలో పోతపోసిన, ఇరవై టన్నులు దాటిన పుమ్మెరిన్ గంట ఉన్నది కూడా అక్కడే. రంగురంగుల పెంకులు పరిచిన కప్పు ఆ ఎత్తు నుంచి చాలా దగ్గరగా కనిపిస్తుంది.

పాతనగరం చుట్టూ తిరిగే రింగ్ రోడ్డును నడిచి చూడాలని పట్టుబట్టకండి. ప్రధాన స్టేషను వైపు నుంచి వచ్చే డి ట్రామ్ బెల్వెడేర్‌ను దాటి, ఒపెరా, మ్యూజియాలు, పార్లమెంటు, నగరసభ భవనం, బుర్గ్‌థియేటర్‌ల పక్క నుంచి పోతుంది. కిటికీ సీటు దొరికితే చాలు, నగరం తనంత తానే ముందుకొస్తుంది. గైడుతో తిప్పే పర్యాటక వాహనాలకు వేరే టికెట్ పెట్టడం నా దృష్టిలో దండగ.

రైలుకిటికీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్రాటిస్లావా, జెయింట్ వీల్ రెండూ తీసేశాను. అమ్మను అడిగాను, బొమ్మల కంటే రాజుల ఇళ్లే చూస్తానంది, కాబట్టి ఆదివారం ఉదయం షోన్‌బ్రున్ ఖాయం. మిగిలినవి రెండే సందేహాలు: బస ఏ ప్రాంతంలో వెతకాలి? శనివారం రాత్రి ఒపెరా టికెట్ దొరికే అవకాశం ఉందా?

సమాధానం – గడియారపుముల్లు

బసకు నాలుగో డిస్ట్రిక్టు చూడండి. చిరునామాలోని పిన్‌కోడు మధ్య రెండంకెలు డిస్ట్రిక్టును సూచిస్తాయి కాబట్టి, 1040 అని ఉంటే అది నాలుగోది. ఒక వైపు ప్రధాన స్టేషను, మరో వైపు కార్ల్స్‌ప్లాట్జ్, పక్కనే నాష్‌మార్క్ట్ ఉండటం వల్ల మీ ప్రణాళికలోని చోట్లలో షోన్‌బ్రున్ తప్ప అన్నీ చేరువలోనే ఉంటాయి. బుక్ చేసే ముందు లిఫ్టు ఉందో లేదో తప్పక అడగండి. వియన్నా పాత భవనాల్లో నేల అంతస్తు తరువాత ఎత్తు నేల అంతస్తు, మెజనీన్ అంటూ మరో రెండు వరుసలు వచ్చి, ఆపైన గాని మొదటి అంతస్తు లెక్క మొదలుకాని సందర్భాలున్నాయి. ప్రకటనలో ‘రెండో అంతస్తు’ అని చూసి తేలికే అనుకుంటే, తీరా వెళ్లాక నాలుగు అంతస్తులు ఎక్కాల్సి రావచ్చు.

స్టేట్ ఒపెరా సీజన్ సెప్టెంబరు నుంచి జూన్ వరకు నడుస్తుంది కాబట్టి అక్టోబరు శనివారం ప్రదర్శన ఉండే అవకాశం ఎక్కువే. అదే రోజు తక్కువ ధరకు అమ్మే నిలబడి చూసే టికెట్ల గురించి అందరూ ఊరిస్తారు. అవి నిజంగానే చవక. స్థలం తమదని గుర్తుగా జనం కమ్మీకి మఫ్లర్ కట్టి విరామంలో బయటికి వెళ్తుంటారు. కానీ మూడు గంటలు నిలబడటం మీ అమ్మగారికి శిక్ష అవుతుంది. ఒపెరా వారి అధికారిక వెబ్‌సైటులోనే, వేదిక కొంత మరుగైనా సరే, పక్క బాక్సుల్లో కూర్చునే సీటు ఇప్పుడే తీసుకోండి. సీటు ముందున్న చిన్న తెరపై పాట భావం ఇంగ్లీషులో కూడా వస్తుంది. కేథడ్రల్ చుట్టుపక్కల మోట్సార్ట్ కాలపు కోటు, విగ్గు పెట్టుకుని కచేరీ టికెట్లు అమ్మేవారు ఎదురవుతారు. వారు అమ్మేది పర్యాటకుల కోసం విడిగా నడిపే కచేరీలకు, స్టేట్ ఒపెరాకు కాదు.

మెట్రోలో గేట్లు ఉండవు. అందుకని టికెట్ అడగరనుకోవద్దు. కాగితపు టికెట్‌ను యంత్రంలో ముద్ర వేయించుకోకపోతే తనిఖీలో వంద యూరోలకు పైనే జరిమానా పడుతుంది. తేదీలు గనక నెలాఖరుకు జరిపితే అక్టోబరు 26 జాతీయ దినోత్సవం, ఆ రోజు కూడా దుకాణాలుండవు. తిరుగు ప్రయాణంలో జర్మనీ సరిహద్దు దగ్గర పోలీసులు రైలెక్కి పత్రాలు చూడవచ్చు, పాస్‌పోర్టులు పెట్టె అడుగున కాకుండా చేతిసంచిలో ఉంచుకోండి.