సోయా క్యాండిల్ మధ్యలో గుంట పడుతోంది, వెలిగిస్తే వాసన రావట్లేదు. ఎక్కడ తేడా కొడుతోంది?

ప్రశ్న (ఖమ్మం నుంచి)

అందరికీ నమస్కారమండి. ఇంట్లోనే సోయా క్యాండిల్స్ చేద్దామని ఆన్‌లైన్‌లో కిలో సోయా వ్యాక్స్, కింద రేకు బిళ్ళ ఉండే రెడీమేడ్ వత్తులు, లావెండర్ సెంట్ ఆయిల్ తెప్పించాను. వీడియోల్లో చూసినట్టే వ్యాక్స్ కరిగించి, దించి, మూడు మూతల సెంట్ కలిపి గాజు గ్లాసుల్లో పోశాను. తొందరగా గట్టిపడుతుందని ఫ్యాన్ కింద పెట్టాను.

తెల్లారి చూస్తే పైన గుంతలు, గ్లాసు గోడకి అక్కడక్కడా తడి మరకల్లాంటివి. వెలిగిస్తే వత్తి చుట్టూ పెద్ద రూపాయి బిళ్ళంత మేరే కరుగుతోంది. పక్కన మైనం అలాగే ఉండి మధ్యలో నిలువునా లోపలికి దిగిపోతోంది. కాసేపటికి మంట ఆ కరిగిన మైనంలోనే మునిగి ఆరిపోతోంది. మూత తీస్తే గుప్పున వాసన వస్తుంది, వెలిగిస్తే మాత్రం ఏమీ లేదు. వ్యాక్స్ నకిలీదేమోనని అనుమానంగా ఉంది. వేరే చోట రెండు కిలోలు ఆర్డర్ పెట్టనా? దీపావళికి చుట్టాలకి ఇద్దామనుకున్నాను, ఇంకా రెండు నెలలుంది కానీ ఇప్పట్నుంచే టెన్షన్.

జవాబు (హైదరాబాద్ నుంచి, క్యాండిల్స్ చేసి స్టాళ్ళలో అమ్ముతుంటాను)

ఆర్డర్ పెట్టకండి, ఆగండి. మీరు చెప్పినదాన్ని బట్టి వ్యాక్స్‌కి ఏ రోగమూ లేదు. గ్లాసు వెడల్పుకి మీ వత్తి చాలట్లేదు, అంతే. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు నూటికి తొంభై మంది వ్యాక్స్ మీదా సెంట్ మీదా డబ్బు పెడతారు, వత్తిని మాత్రం ఏదో ఒకటిలే అనుకుంటారు. క్యాండిల్ బాగా కాలుతుందా లేదా అనేది ముప్పావు వంతు వత్తే తేలుస్తుంది.

వత్తి సరైనదైతే ఏం జరుగుతుందంటే, గ్లాసు లోపలి వెడల్పు ప్రతి రెండున్నర సెంటీమీటర్లకి గంట చొప్పున పైపొర కరుగుతూ పోయి గోడని తాకుతుంది. అంటే ఏడున్నర సెంటీమీటర్ల గ్లాసుకి మూడు గంటలు. అప్పటికి కరిగిన మైనం లోతు సుమారు సెంటీమీటరు ఉంటే బాగున్నట్టు. వాసన వచ్చేది ఆ కరిగిన పొర నుంచే. మీకు రూపాయి బిళ్ళంతే కరుగుతోంది కాబట్టి వాసనా అంతే వస్తోంది. మీరు చెప్పిన రెండు సమస్యలూ నిజానికి ఒక్కటే.

గ్లాసు లోపలి వెడల్పు స్కేలు పెట్టి కొలిచి చెప్పండి. బయటి వెడల్పు కాదు, లోపలిది. వత్తుల ప్యాకెట్ మీద ఏమైనా నంబరుందా?

ప్రశ్న అడిగినవారు

థాంక్స్ అక్కా. లోపల ఎనిమిదిన్నర సెంటీమీటర్లుంది. ప్యాకెట్ మీద పొడవు 15 సెంటీమీటర్లు అని తప్ప ఇంకేం లేదు. పొడవు బట్టే వత్తి తీసుకోవాలేమో అనుకున్నా.

జవాబు (హైదరాబాద్)

పొడవుదేముంది, కత్తిరించుకోవచ్చు. లావు ముఖ్యం. కిట్లలో వచ్చే వత్తులు మామూలుగా ఐదారు సెంటీమీటర్ల చిన్న డబ్బాలకి సరిపోయేవి. ఎనిమిదిన్నరకి రెండు దారులున్నాయి. ఒకటి, ఇప్పుడున్న వత్తులే రెండు, మధ్యలో మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడంతో పెట్టడం. రెండోది, ఆరు నుంచి ఏడు సెంటీమీటర్ల గ్లాసులు తీసుకుని ఒకే వత్తి పెట్టడం. మొదటిసారి కాబట్టి నేనైతే రెండోదే చేయమంటాను. రెండు వత్తులుంటే వేడెక్కువ. గ్లాసు పల్చనిదైతే పగిలే ప్రమాదముంది.

వత్తి కొనేటప్పుడు సోయాకి పనికొచ్చేదని రాసి ఉన్నవి, వరుసగా మూడు సైజుల్లో శాంపిల్ ప్యాక్ తీసుకోండి. ఒకే గ్లాసు, ఒకే వ్యాక్స్, ఒకే సెంట్, మూడు సైజుల వత్తులు. మూడూ వెలిగించి చూడండి. ఒకేసారి సెంట్ కూడా మార్చి, గ్లాసు కూడా మార్చేస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలీదు. వత్తి మరీ లావైతే కొన మీద పుట్టగొడుగులా నల్లటి ఉండ కడుతుంది, పొగ వస్తుంది, గ్లాసు పట్టుకోలేనంత కాలుతుంది. అప్పుడు ఒక సైజు తగ్గాలి.

జవాబు (విశాఖపట్నం నుంచి, కెమిస్ట్రీ మాస్టారిని, రిటైరయ్యాను)

అమ్మా, వత్తి సంగతి ఆవిడ చక్కగా చెప్పారు. నా దృష్టి ఆ ‘మూడు మూతలు’ దగ్గర ఆగిపోయింది. మూత కొలత కాదు. గ్రాముల్లో తూచాలి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా చాలు.

లెక్క తేలికే. వ్యాక్స్ బరువులో నూటికి ఆరు వంతులు సెంట్ ఆయిల్‌తో మొదలుపెట్టండి. 150 గ్రాముల వ్యాక్స్‌కి 9 గ్రాములు. చాలా సోయా వ్యాక్స్‌లు పది శాతం దాకా పట్టుకుంటాయని ప్యాకెట్ మీద రాస్తారు, కానీ అది పై హద్దు, వేయాల్సిన మోతాదు కాదు. ఎక్కువైతే నూనె పైకి చెమటలా తేలుతుంది, వత్తిని మూసేస్తుంది, మంట మునగడానికి అదీ ఒక కారణం. గ్లాసుకి ఎంత వ్యాక్స్ పడుతుందో తెలియాలంటే, కావలసిన మట్టం వరకు నీళ్ళు పోసి ఆ నీళ్ళ బరువు తూచి, దాన్ని 0.9తో గుణించండి. తర్వాత గ్లాసు తుడిచి ఎండబెట్టండి. తేమ ఉంటే మైనం గోడకి అంటుకోదు, వెలిగించినప్పుడు చిటపటలాడుతుంది.

ఇక వేడి. స్టవ్ మీద నేరుగా గిన్నె పెట్టకూడదు. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగనిచ్చి, అందులో చిన్న గిన్నె పెట్టి వ్యాక్స్ కరిగించండి. నీళ్ళు వంద డిగ్రీలు దాటవు కాబట్టి వ్యాక్స్ అదుపులో ఉంటుంది. 80 నుంచి 85 డిగ్రీల దాకా వేడి చేసి దించి, వెంటనే సెంట్ పోసి, బుడగలు రాకుండా మెల్లగా రెండు నిమిషాలు కలపాలి. చల్లారాక పోస్తే సెంట్ సరిగా కలవదు. తర్వాత 55–60 డిగ్రీలకి దిగేదాకా ఆగి గ్లాసులో పోయండి. ప్యాకెట్ మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. పొడుగు కడ్డీ ఉన్న వంట థర్మామీటర్ కొనండి. జ్వరం చూసే థర్మామీటర్ మాత్రం ముంచకండి, అది 42 డిగ్రీల దాకా చూడ్డానికి చేసింది.

సెంట్ సీసా మీద ‘ఫ్లాష్ పాయింట్ 70’ అని చూసి, అంతకంటే వేడి వ్యాక్స్‌లో వేస్తే వాసన ఎగిరిపోతుందని చాలామంది అంటారు. అది తప్పు. సెంట్ ఆయిల్ నుంచి లేచే ఆవిరి, దగ్గర నిప్పు పెడితే అంటుకునే వేడిమి అది. అందుకే సెంట్ కలిపేటప్పుడు పక్కన గ్యాస్ మంట ఉండకూడదు. వాసనకీ దానికీ సంబంధం లేదు.

ఫ్యాన్ ఆపండి. పైపొర గబుక్కున గట్టిపడి లోపల మెల్లగా చల్లారితే మైనం ముడుచుకుని గుంత పడుతుంది. వెలిగించేటప్పుడు కూడా ఫ్యాన్ కింద పెడితే మంట ఒక పక్కకి వాలి, ఆ వైపే కరిగి, గ్లాసు నల్లబడుతుంది.

ప్రశ్న (నిజామాబాద్ నుంచి)

మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. ఇంట్లో దీపం పెట్టే పత్తి వత్తులు బోలెడున్నాయి. అవి వాడొచ్చా? రంగుకి పసుపు, కుంకుమ కలిపితే? మా దగ్గర సోయా బాగా పండిస్తారు, మా ఊళ్ళోనే ఈ వ్యాక్స్ దొరుకుతుందా?

జవాబు (విశాఖపట్నం)

పత్తి వత్తి ప్రమిదలో నూనెలో పడుకుని వెలుగుతుంది. ఇక్కడ వత్తి తనంతట తాను నిలబడాలి, కాలుతూ కొన వంగి తనే రాలిపోవాలి. జడలా అల్లిన వత్తికే ఆ గుణం. 1820లలో ఫ్రాన్స్‌లో అల్లిన వత్తి వచ్చేదాకా కొవ్వొత్తి పక్కన కత్తెర పెట్టుకుని మాటిమాటికీ కొన కత్తిరించేవాళ్ళు. పత్తి వత్తి పెడితే మొదట పెద్ద మంట, పొగ, తర్వాత కూలిపోయి ఆరిపోతుంది.

పసుపు, కుంకుమ పొడులు నూనెలో పూర్తిగా కరగవు. అడుగున పేరుకుని వత్తిని మూసేస్తాయి. పిల్లల క్రేయాన్లూ అంతే. నూనెలో కరిగే క్యాండిల్ రంగులని విడిగా అమ్ముతారు, అరకిలోకి చిటికెడు చాలు.

సోయా పంట ఉన్నంత మాత్రాన వ్యాక్స్ దొరకదు. గింజల్లోంచి తీసిన నూనెకి ఫ్యాక్టరీలో హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరుస్తారు, వనస్పతి చేసే పద్ధతే. అలాగని డాల్డాతో చేద్దామనుకోకండి, మన ఎండాకాలంలో గది వేడికే అది కారిపోతుంది.

జవాబు (విజయవాడ నుంచి)

ఎండ మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. గ్లాసుల్లో పోసే సోయా వ్యాక్స్ కరిగే వేడి చాలావాటికి 46–50 డిగ్రీల మధ్య ఉంటుంది. మే నెలలో మా దగ్గర బయటే 44 ఉంటే, కొరియర్ వ్యాన్ లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. ఎండాకాలంలో పంపాలంటే పదో వంతు తేనెమైనం కలుపుతాం. అది 62 డిగ్రీల మీదే కరుగుతుంది, అందుకని క్యాండిల్ గట్టిగా నిలుస్తుంది. కాకపోతే వత్తి సైజు మళ్ళీ మొదట్నుంచి చూసుకోవాలి. దీపావళికైతే ఈ గొడవ అక్కర్లేదు.

అమెరికా వీడియోలు చూసేవాళ్ళు ఇంకోటి గమనించండి. వాళ్ళ గది 21–22 డిగ్రీలు. మనది 32. వాళ్ళకి కొన్ని గంటల్లో గట్టిపడేది మనకి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. తొందరపడి ఫ్రిజ్‌లో పెట్టేస్తుంటారు, పగుళ్ళొస్తాయి.

జవాబు (హైదరాబాద్)

దీపావళి లెక్క చూద్దాం. సోయా క్యాండిల్ పోసిన మర్నాడే వెలిగిస్తే వాసన పూర్తిగా రాదు. మూత పెట్టి, ఎండ తగలకుండా, రెండు వారాలు ఉంచాలి. కొందరు మూడు రోజులు చాలంటారు, పారాఫిన్‌కి (మామూలు కొవ్వొత్తుల మైనానికి) చాలేమో గానీ సోయాకి చాలదు. కాబట్టి చుట్టాలకి ఇచ్చేవి పండక్కి మూడు వారాల ముందే పోసేయాలి. అంతకు ముందు వత్తి పరీక్షకి కూడా టైం కావాలి. ఒక్కో క్యాండిల్‌ని ఒక్కోసారి నాలుగు గంటలకి మించకుండా వెలిగించి, ఆర్పి, పూర్తిగా చల్లారాక వత్తిని అర సెంటీమీటరుకి కత్తిరించి మళ్ళీ వెలిగించాలి. 150 గ్రాములది అయిపోయేసరికి ఇరవై నుంచి ముప్ఫై గంటలు పడుతుంది. సగం వరకు బాగా కాలి, అడుగుకొచ్చేసరికి గ్లాసు పగిలేవి చూశాం కాబట్టి చివరి వరకూ చూడందే ఎవరికీ ఇవ్వకండి. అడుగున సెంటీమీటరు మైనం మిగలగానే ఆపేయమని చీటీ కూడా అంటించండి.

గ్లాసు విషయంలో కక్కుర్తి వద్దు. నీళ్ళు తాగే పల్చటి గ్లాసులు, మెడ సన్నగా ఉండే సీసాలు, కొబ్బరి చిప్పలు పక్కన పెట్టండి. మందంగా, తిన్నగా ఉండే గోడల గాజు తీసుకోండి. కాల్చి మెరుపు పూత వేయని మట్టి ప్రమిదల్లోంచి నూనె బయటికి ఊరుతుంది.

వ్యాక్స్ అంటుకుంటే నీళ్ళు పోయకండి, మంట పైకి ఎగజిమ్ముతుంది. స్టవ్ కట్టి, గట్టి మూత పెట్టేయండి. గిన్నె కడిగేటప్పుడు మిగిలిన మైనం సింక్‌లో పారబోస్తే పైపు పూడుకుపోతుంది. వేడిగా ఉన్నప్పుడే పాత గుడ్డతో తుడిచేయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కాటా, థర్మామీటర్, మూడు సైజుల వత్తులు ఆర్డర్ పెట్టాను. ఏడు సెంటీమీటర్ల గాజు గ్లాసులు బజార్లో చూశాను. పాడైపోయిన క్యాండిల్స్ ఏం చేయను, పడేయాలా? గోడకున్న తడి మరకలు పోతాయా?

జవాబు (హైదరాబాద్)

పడేయకండి. గ్లాసుని వేడి నీళ్ళ గిన్నెలో నిలబెడితే మైనం కరిగిపోతుంది. నీళ్ళు గ్లాసులోకి పోకుండా చూసుకోండి. పాత వత్తి తీసేసి, కరిగినదాన్ని మిగతా వ్యాక్స్‌తో కలిపి మళ్ళీ వాడుకోవచ్చు. అందులో సెంట్ ఇప్పటికే ఉంది, ఎంతుందో తెలీదు కాబట్టి ఇంకా వేయకండి. వత్తి పరీక్షలకి వాడేసుకోండి, చుట్టాలకిచ్చేవి కొత్త వ్యాక్స్‌తో చేయండి.

తడి మరకలు నిజానికి తడి కాదు, మైనం గాజుని వదిలిన చోట్లు. పోసే ముందు గ్లాసుని గోరువెచ్చగా చేస్తే తగ్గుతాయి, పూర్తిగా పోవు. పైన ఎప్పుడైనా తెల్లగా మంచు పట్టినట్టు కనిపించినా కంగారు పడకండి, సోయా గుణమే అది, కాలడానికి అడ్డం కాదు. గుంతలు మాత్రం హెయిర్ డ్రయర్ వేడిగాలి కొడితే చదునవుతాయి.

వత్తులు వచ్చాక గ్లాసు వెడల్పు, వత్తి నంబరు, మూడు గంటల తర్వాత ఎంత మేర కరిగిందో రాసి ఇక్కడ పెట్టండి. ఏ సైజు ఉంచాలో చూసి చెప్తాను.