"తేనె సోక నోరు": మొల్ల పొగిడిందా, వాత పెట్టిందా?

మార్చి 8, మహిళా దినోత్సవం వస్తే చాలు, మొల్ల బొమ్మ కింద "తేనె సోక నోరు తీయన యగు" అన్న ముక్క అతికించి, "తేనెలొలికే కవిత్వం చెప్పిన తొలి కవయిత్రికి వందనం" అని రాసిన పోస్టర్లు ఫోన్ నిండా వచ్చిపడతాయి. వందనం పెట్టాల్సిందే. కానీ ఆ పద్యంలో మొల్ల తన కవిత్వం తేనె అని ఎక్కడా చెప్పుకోలేదు. పూర్తి పద్యం ఇదీ:

తేనె సోక నోరు తీయన యగురీతి
తోడ నర్థమెల్లఁ దోచకుండ
గూఢశబ్దములను గూర్చిన కావ్యము
మూగచెవిటివారి ముచ్చటగును

"రీతితోడ" అన్న మాట పాదం చివర రెండుగా విరిగింది. తికమకంతా అక్కడే. మొదటి పాదం దగ్గర ఆపేస్తే పొగడ్తలా వినిపిస్తుంది. ఆపకుండా "దోచకుండ" దాకా చదివితే విషయం తిరగబడుతుంది. తేనె తగలగానే నోరు తీపెక్కుతుంది కదా, అంత చప్పున అర్థం తట్టాలి. అలా తట్టకుండా గూఢమైన మాటలు పేర్చిన కావ్యం మూగవాళ్లూ చెవిటివాళ్లూ చెప్పుకునే ముచ్చటే అంటోంది. ఇక్కడ తేనెతో పోలిక తీపి కోసం అనుకుంటే సగమే పట్టుకున్నట్టు. అసలు సంగతి "సోక"లో ఉంది. సోకగానే అన్నమాట, నమిలి మింగి అరిగించుకున్నాక కాదు.

ఇది మొల్ల రాసిన రామాయణం అవతారిక, అంటే కావ్యానికి ముందుమాటలోని పద్యం. మొల్లది కడప జిల్లా గోపవరం, కేసనసెట్టి కూతురు, పదహారో శతాబ్దం మనిషని ఎక్కువమంది అంటారు. కాలం మీద వాదాలున్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోను. ఆ అవతారికలోనే తనకు శాస్త్రాలేవీ తెలియవని, శ్రీకంఠమల్లేశ్వరుడి దయవల్ల కవిత్వం అబ్బిందని చెప్పుకుంది. మనవాళ్లు ఆ మాటను అక్షరాలా నమ్మేసి "పాపం, చదువు రాని కుమ్మరి పిల్ల" అని కథలల్లారు. మగకవి "నేనెంతటివాడను" అంటే వినయం, ఆమె అంటే నిజం! నాకు ఒళ్లు మండేది అక్కడే. చదువు రాని పిల్ల కావ్యం ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో పండితుల ముందు తీర్పు చెబుతుందా? యతులు, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జోడీలు చూడండి: తే–తీ, తో–దో, గూ–గూ, మూ–ము. ఆటవెలది నడక ఎక్కడా తొణకలేదు.

వ్యాఖ్య: "దోచకుండ" అంటే దోచుకోకుండా అనుకున్నానండీ ఇన్నాళ్లూ! తోచు ఎలా అయింది?

జవాబు: చాలామంది అలాగే అనుకుంటారండీ. "ఎల్లన్" చివర ద్రుతం, అంటే న్ ఉంది. దాని తర్వాత పరుషం (క, చ, ట, త, ప) వస్తే సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది, అంటే త కాస్తా ద. ఆ న్ అరసున్నగా మిగిలి "అర్థమెల్లఁ దోచకుండ" అయింది. అరసున్న లేకుండా అచ్చువేస్తే పాఠకుడికి దొంగతనమే గుర్తొస్తుంది. "ఏమీ తోచట్లేదు" అంటామే, ఆ తోచడమే ఇది.

వ్యాఖ్య: తొలి కవయిత్రి మొల్ల కాదు సార్. తాళ్లపాక తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది, అన్నమయ్య భార్య.

జవాబు: ఒప్పుకుంటానండీ. "తొలి" అన్నది పోస్టర్ మాట, నాది కాదు. ఆ బిరుదు ఎవరికిచ్చినా ఈ పద్యం విలువ తగ్గదు.

వ్యాఖ్య: మా కరీంనగర్ దిక్కు ముచ్చట అంటే మాట్లాడుకునుడే. "కూసో, జెర ముచ్చట పెట్టుకుందాం" అంటం. కోస్తా దోస్తులకు చెప్తే ముచ్చటంటే ముద్దుగా ఉండటం కదా అంటరు. మొల్ల మా దిక్కు మాట వాడినట్టుంది గదన్నా!

జవాబు: తమ్మీ, బాగా పట్టుకున్నావు. "ముచ్చటగా ఉంది", "ముచ్చట తీరింది" అనే అలవాటుతో చదివితే నాలుగో పాదం అసలు అర్థం కాదు. ఇక్కడ సంభాషణ అనే అర్థమే కుదురుతుంది. అప్పట్లో కడప సీమ కవయిత్రి రాసిన అర్థం ఇవాళ మీ ఇళ్లలో రోజూ వినబడుతోంది. టాంక్‌బండ్ మీద మొల్ల విగ్రహం ఉందిగా, అక్కడ కూర్చుని ముచ్చట పెట్టుకునేవాళ్లే ఈ పద్యానికి సరైన టీక చెప్పగలరు.

వ్యాఖ్య: క్లాసులో ఈ పద్యం చెప్పాలంటే నాలుగో పాదం దగ్గర టెన్షన్ అండీ. వినికిడి లోపం ఉన్న పిల్లలూ ఉంటారు.

జవాబు: మీ ఇబ్బంది న్యాయమైనదే అమ్మా. ఆ రోజుల పోలిక అని ముందే చెప్పేయడం మంచిది. ఒక్కటి మాత్రం గమనించండి. మూగ అంటే చెప్పలేకపోయిన కవి, చెవిటి అంటే అందుకోలేకపోయిన పాఠకుడు అని నేను చదువుకుంటాను. తప్పు పాఠకుడి నెత్తినే రుద్దలేదు. మనకు పద్యం అర్థం కాకపోతే "నీకు పాండిత్యం చాలదు" అనేవాళ్లే ఎక్కువ కదా!

వ్యాఖ్య: సోకు అంటే ఇప్పుడు రోగమో దయ్యమో సోకడమే. తేనె సోకడం వింతగా లేదూ?

జవాబు: మొల్లకు ఆ మాట ఇష్టమనుకుంటాను. ఆమె రామాయణంలోనే పడవవాడు గుహుడి పద్యం చూడండి: "సుడిగొని రాము పాదములు సోకిన ధూళి". ఆ ధూళి తగిలి రాయి ఆడది అయిందట, ఇప్పుడు "ఓడ సోఁక నిది యేమగునో" అని గుహుడికి భయం. బతుకుదెరువు పడవాయె! అందుకని ముందు రాముడి కాళ్లు కడిగేశాడు. ఒకే పద్యంలో రెండు సోకులు, రెండిటికీ తగలడమనే అర్థం. ఆ పద్యంలో సంస్కృతం లేకపోలేదు, "రామపద కంజయుగంబు" (తామరల్లాంటి రాముడి పాదాల జంట) ఉంది. అయినా పడవవాడి భయం చదవగానే తట్టిందా లేదా?

వ్యాఖ్య: తట్టిందండీ. వచ్చే మార్చికి పోస్టర్ మీద ఈ గుహుడి పద్యం వేయిద్దాం, నాలుగు పాదాలూ.

జవాబు: అరసున్నలతో సహా.